ఏడు నిమిషాల తెర

మళ్ళీ పోయింది. ముందు తెర మీద అడ్డంగా ఆకుపచ్చ గీతలు పడ్డాయి, కాపీ అవుతున్నట్టు చూపించే నీలం పట్టీ సగం దగ్గర ఆగింది, మౌసు బాణం బిగుసుకుని నిలబడిపోయింది, ఆ తర్వాత అంతా నలుపు. గోడ గడియారంలో పదీ ఇరవై ఏడు. ఇది మూడోసారి. మొదటిసారి ఏడు నిమిషాలు నిలిచింది, రెండోసారి ఐదు, ఇప్పుడు మూడే. నందిగామలో డాక్టర్ భారతీదేవి గారు పదకొండింటికి ఓపీ ముగించి లేస్తారు. ఆలోపు ఈ డబ్బాలో ఉన్న నాన్న పాత స్కాను ఆవిడ ముందుకి చేరాలి. చేరితే ఒక మాట చెబుతారు, చేరకపోతే ఇంకో మాట రాసిస్తారు. ఆ మాట ఏదో తెలియాలంటే ముందు ఈ తెర వెలగాలి, వెలిగి కాసేపు నిలవాలి, నేను అడుగుతున్నది అంతే. ఏ సినిమా చూపించమనీ అడగడం లేదు. ఒక్క ఫోల్డరు. నాన్న పేరున్న ఒకే ఒక్క ఫోల్డరు.

పదీ ఐదుకి తమ్ముడు సతీష్‌బాబు ఫోను చేసినప్పుడు నేను తల దువ్వుకుంటున్నాను, దువ్వెన ఇంకా జుట్టులోనే ఉందని ఇప్పుడే తెలిసింది. నెల రోజులుగా నాన్నకి దగ్గు. దగ్గుకేముంది, సిమెంటు ఫ్యాక్టరీ ప్యాకింగ్ సెక్షన్లో ఇరవై రెండేళ్ళుగా ఉన్న మనిషికి దగ్గు రాకపోతేనే వింత అని ఆయనే నవ్వేవాడు. మొన్న స్కాను తీయించారు, ఇవాళ చూపించడానికి తమ్ముడు వెంట వెళ్ళాడు. “అక్కా, కుడివైపు ఊపిరితిత్తి మీద మచ్చ ఉందంట, పైన” అన్నాడు సతీష్. మచ్చంటే ఏంట్రా అన్నాను. “కంగారు పడకు, మొత్తం విను. పాతది ఏదన్నా ఉందా అని అడుగుతున్నారు. కరోనాలో తీయించాంగా. అందులో కూడా ఇదే మచ్చ ఇంతే ఉంటే ఎప్పటిదో అంట, వదిలేయొచ్చంట. అందులో లేకపోతే మాత్రం రేపే విజయవాడ పోయి సూదితో ముక్క తీయించాలంట. పదకొండు దాటితే ఆవిడ ఉండరు, విజయవాడకి ఉత్తరం రాసిచ్చేస్తానన్నారు.” వెనక నుంచి నాన్న గొంతు, “దాన్నెందుకురా హడలగొడతావు, టిఫిన్ తిందో లేదో అడుగు ముందు” అంటూ. తిన్నాను నాన్నా అన్నాను. తినలేదు. చిన్నప్పటి నుంచీ ఆయనకి నేను చెప్పిన అబద్ధాలన్నీ ఇలాంటివే, తిన్నానని, నిద్రపోయానని, బస్సులో సీటు దొరికిందని.

పాత ఫిల్ములు లేవు. ఉండవలసిన చోట, బీరువా వెనక, గోడకీ దానికీ మధ్య సందులో చూడక్కర్లేకుండానే తెలుసు నాకు. మూడు పెద్ద నల్ల ఫిల్ములు, నాన్నని అడ్డంగా కోసి అప్పడాల్లా పేర్చినట్టుండే బొమ్మలు. మూడేళ్ళ కిందట అక్టోబరులో సూర్యగ్రహణం వచ్చినప్పుడు, రెండింటి డ్యూటీకి వెళ్ళబోతూ నాన్న వాటిని బయటికి తీశాడు. అమ్మ కుట్టుకత్తెర తీసుకుని కటకటా కోసి పది ముక్కలు చేశాడు, సాయంత్రం వీధిలో పిల్లలు చూస్తారని. “తగ్గిపోయిన జబ్బుకి ఫిల్ము దేనికే” అన్నాడు అమ్మతో. అమ్మ అప్పటికే పచ్చడి జాడీల మీద దర్భలు వేసే హడావిడిలో ఉంది, గ్రహణం చూడ్డమేంటి, లోపల కూర్చోక అని సణుగుతోంది. ఒకటన్నా ఉంచు నాన్నా అన్నాను నేను. “నీ కంప్యూటర్లో ఎక్కించావుగా, అది చాలదూ” అని సైకిలెక్కాడు. అది చాలదూ. ఆ మాట ఈ అరగంటలో ఎన్నిసార్లు గుర్తొచ్చిందో. ఆ సాయంత్రం వీధంతా నాన్న ముక్కలు పట్టుకుని పడమటి వైపు తిరిగి నిలబడింది. ఫిల్ములోంచి అలా చూడకూడదని, కళ్ళు పాడవుతాయని తర్వాతెప్పుడో చదివాను, అప్పుడు మాత్రం నేనూ చూశాను. ఎదురింటి పుల్లమ్మ గారు ఒక కన్ను మూసుకుని, “తాయారూ, మీ ఆయన పక్కటెముకల మధ్య సూర్యుడు భలే ఉన్నాడే” అని అరిచింది. గ్రహణం నాడు బయటికి రానన్న అమ్మ కూడా గుమ్మంలో నిలబడి నవ్వింది. ఎవరి ముక్క వాళ్ళు పట్టుకుపోయారు. ఒక్కటీ తిరిగి రాలేదు.

స్కాను వాళ్ళిచ్చిన సీడీ ఉంది కదా అనుకుని మేడ మీదికి పరిగెత్తాను. ఉంది. వెదురుకర్రకి దారంతో వేలాడుతూ, గుమ్మడి వడియాల మీద కాకులు వాలకుండా గిర్రున తిరుగుతోంది. రెండేళ్ళుగా అమ్మ దాన్ని ఆ ఉద్యోగంలో పెట్టింది. ఒకవైపు మెరుపంతా పొలుసులు పొలుసులుగా లేచిపోయి అవతలి ఆకాశం కనబడుతోంది. దాన్ని చదివే యంత్రం కూడా ఇప్పుడు మా ఇంట్లోనే కాదు, పక్కింట్లోనూ లేదు. కాబట్టి ఇరవై ఏడేళ్ళ నేను, మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని, ఏ కాగితమైనా రెండు చోట్ల దాచకపోతే నిద్రపట్టని దాన్ని, అప్పుడెప్పుడో ఆ సీడీని కంప్యూటర్లోకి ఎక్కించి ‘నాన్న స్కాన్’ అని ఇంగ్లీషు అక్షరాల్లో పేరు పెట్టి వదిలేసిన ఆ ఒక్క ఫోల్డరే మిగిలింది. అదేమో నల్ల తెర వెనక ఉంది.

తప్పు నాదే. నిన్న సాయంత్రం అప్‌డేట్ చేసింది నేనే. ఈ కంప్యూటరుని నడిపే లినక్సులో అప్‌డేట్లు నిన్న కాకపోతే రేపు చేసుకోవచ్చు, ఎవరూ మెడ మీద కత్తి పెట్టరు. అయినా లిస్టు కనబడితే చాలు, బాకీ పని మిగిలినట్టే ఉంటుంది నాకు. తెర మీద బొమ్మని నడిపే డిస్‌ప్లే డ్రైవరు కూడా మారింది. అయిపోయాక ఒకసారి తెర పోయి మళ్ళీ పేరూ పాస్‌వర్డూ అడిగింది, పొద్దున చూద్దాంలే అని కట్టేశాను. చూద్దాంలే అనే మాట నా నోటి నుంచి ఎప్పుడో గానీ రాదు, వచ్చిన ఒక్కసారీ ఇలాగయింది. ఈ అరగంటలో ఏమేం చేశానో తలుచుకుంటే సిగ్గుగా ఉంది. మొదటి ఏడు నిమిషాల్లో బొమ్మ సరైనదేనా అని తెరిచి చూస్తూ కూర్చున్నాను. నాన్న ఛాతీ పై నుంచి కిందికి ఒక్కో పొరా జరుగుతుంటే ఆ మచ్చ ఎక్కడుందా అని వెతికాను, మచ్చ గురించి నాకేం తెలుసు, నాకు అన్నీ మచ్చల్లాగే ఉన్నాయి. రెండోసారి మెయిల్లో పంపబోయాను, నలభై శాతం దగ్గర పోయింది. మధ్యలో డ్రైవరుని పాతదానికి మార్చాను, పాతదీ పడిపోయింది. అక్కడైనా ఆలోచించాలి కదా, డ్రైవరు మారినా జబ్బు మారలేదంటే జబ్బు డ్రైవరుది కాదేమోనని. ఆలోచించలేదు. మూడోసారి పెన్‌డ్రైవులోకి లాగాను, సగంలో ఇదిగో.

వంటింట్లో పోపు చిటపటలు ఆగాయి. అమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది, చేతిలో గరిటె. “ఏమన్నా తెలిసిందా?” లేదమ్మా, వెలిగితే పంపిస్తాను అన్నాను. “వెలగలేదా ఇంకా? ముసుగు తీశావా?” తీశానమ్మా అన్నాను, కొంచెం విసుగ్గానే. మా ఇంట్లో ముసుగు లేనిది మనుషులకే. టీవీకి, మిక్సీకి, కుట్టుమిషనుకి, గోడ మీది తాతయ్య ఫొటోకి కూడా. సిమెంటు దుమ్ము పడే మా పేటలో ఉన్నవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. పొద్దున తుడిచిన బల్ల మధ్యాహ్నానికి తెల్లగా అవుతుంది, వేలితో పేరు రాయొచ్చు. కంప్యూటరు వచ్చిన వారానికే అమ్మ తన పాత నీలం వెంకటగిరి చీర కోసి దానికి గౌనులాంటిది కుట్టింది, పై నుంచి కింది దాకా, మెడ దగ్గర నాడాతో సహా. ముందు భాగం మాత్రం తెరలా పైకెత్తి మీద వేసుకుని పని చేస్తాను, మొత్తం తీయడం మళ్ళీ తొడగడం ఎవరు పడతారు. తీశాను అన్నానంటే ఆ ముందు భాగమే. అమ్మ ఇంకేదో అనబోయి ఆగి, “ఆయన పొద్దున కాఫీ కూడా సగమే తాగాడు” అని లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడ ఏడుపు అలాగే ఉంటుంది, కాఫీ లెక్కల్లో.

నల్ల తెర. దాని మీద నా మొహం, తలలో దువ్వెన. ఈ నలుపుని ఎక్కడో చూశాను. ఎక్కడో ఏంటి, మూడేళ్ళు చూశాను, నందిగామ కాలేజీ ల్యాబులో. తెలుగు మీడియం నుంచి వచ్చిన మమ్మల్ని కిషోర్‌బాబు సారు మొదటిరోజు బొమ్మలున్న తెర ముందు కూర్చోబెట్టలేదు. అంతా నల్లగా ఉండి మూలన ఒక తెల్ల గీత మిణుకుమిణుకుమనే తెర ముందు కూర్చోబెట్టారు. పేరు కొట్టాం. పాస్‌వర్డు కొడుతుంటే ఏమీ పడటం లేదు, చుక్క కూడా రావడం లేదు. నా పక్కన కూర్చున్న లహరి కీబోర్డు చచ్చిపోయిందనుకుని తిరగేసి తట్టింది. సారు నవ్వి, “కనబడకపోయినా పడుతుంది, కొట్టండమ్మా” అన్నారు. కొట్టాం. తలుపు తెరుచుకుంది. ఆ మధ్యాహ్నమే నాన్న నాకు క్యారేజీ ఇవ్వడానికి పేట నుంచి వచ్చాడు, డ్యూటీ దిగి అటునుంచటే బస్సెక్కి. ల్యాబు కిటికీ ఊచల మధ్య నుంచి లోపలికి చూశాడు. ముప్పై నల్ల తెరలు, వాటి ముందు ముప్పై మంది పిల్లలు బుద్ధిగా. “కరెంటు పోయిందా అమ్మాయ్?” అని అడిగాడు గుసగుసగా. క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేదు, నవ్వకపోగా తల దించుకున్నాను. ఆయన చొక్కా మీద, కనుబొమల మీద తెల్లటి పొడి ఉంది, అది చూసి తల దించుకున్నాను. ఇన్నేళ్ళకి కూడా ఆ క్షణం ఎప్పుడు పడితే అప్పుడు వచ్చి కూర్చుంటుంది. కిషోర్‌బాబు సారు మాత్రం బయటికి వెళ్ళి ఆయనకి చెప్పారు, “కరెంటుందండి. బొమ్మ లేదంతే. లోపల పని నడుస్తూనే ఉంది.” నాన్న అర్థమైనట్టు తల ఊపాడు. నాకు ఇప్పుడు అర్థమైంది.

బొమ్మ లేదంతే. లోపల పని నడుస్తూనే ఉంది. నాకు బొమ్మ దేనికి? చూడాల్సింది డాక్టరుగారు, నేను కాదు. పడిపోతున్నది తెర, ఫోల్డరు కాదు. ఎంత తెలివితక్కువదాన్ని, అరగంట నుంచి దీపం వెలిగించి దారి వెతకాలనుకుంటున్నాను, కళ్ళు మూసుకుని నడిచే దారి కాళ్ళకి తెలిసే ఉండగా. బొమ్మల్లేని ఆ ల్యాబు తెరని పిలిచే మీటలు, కంట్రోల్, ఆల్ట్ పట్టుకుని ఎఫ్ త్రీ నొక్కాను. ఒక క్షణం ఏమీ లేదు. తర్వాత మూలన తెల్ల గీత. మిణుకు, మిణుకు. పేరు కొట్టాను. పాస్‌వర్డు కొట్టాను, చుక్క కూడా పడలేదు, కనబడకపోయినా పడుతుంది, కొట్టండమ్మా. పడింది. ఏ ఫోల్డర్లున్నాయో చూపించమన్నాను, తెల్ల అక్షరాల వరస దిగింది, అందులో ఉంది, ‘నాన్న స్కాన్’, మూడు వందల పన్నెండు బొమ్మలు. అన్నిటినీ ఒకే ఫైలుగా మూట కట్టమన్నాను. కట్టింది. పెన్‌డ్రైవుని ఏ పేరుతో పిలవాలో మర్చిపోయాను, డ్రాయర్లోంచి డిగ్రీ నోట్సు తీశాను, ఆ పుస్తకం పారేయలేదని అమ్మ ఎన్నిసార్లు తిట్టిందో, ఎర్ర సిరాతో గీత గీసిన చోటే ఉంది. కొట్టాను. ఎంటరు. గీత మిణుకుమనడం ఆపి కదలకుండా నిలబడింది. ఇదీ బిగుసుకుందా. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాను, బయట ఎవరో బర్రెని అదిలిస్తున్నారు, ముప్పై ఎనిమిది దగ్గర గీత కిందికి దిగి మళ్ళీ మిణుకుమంది. ఏ మాటా చెప్పలేదు. పని జరిగితే ఏమీ చెప్పకపోవడం దీని అలవాటు. నాన్న అలవాటు కూడా.

పెన్‌డ్రైవుకి ఒకవైపు ఫోనుకి గుచ్చే మూతి ఉంది, సతీష్ పని చేసే సెల్ షాపులోంచి తెచ్చిచ్చాడు, నీకు పనికొస్తుందక్కా అని. అప్పుడు దేనికిరా అన్నాను. ఫోనుకి గుచ్చి, సతీష్ ఇచ్చిన డాక్టరుగారి అసిస్టెంటు నెంబరుకి పంపించాను. పదీ ముప్పై తొమ్మిది. చిన్న పచ్చ వలయం తిరుగుతోంది. పన్నెండు శాతం. మా ఇంట్లో సిగ్నలు గుమ్మం దగ్గరా, మేడ మీదా తప్ప ఉండదు, ఫోను పట్టుకుని మళ్ళీ మేడెక్కాను. వడియాల మీద సీడీ తిరుగుతూనే ఉంది, దాని వెలుగుచుక్క పిట్టగోడ మీద పరుగెడుతోంది, నా చేతి మీదుగా, ఫోను మీదుగా వెళ్ళి మళ్ళీ గోడ మీదికి. ముప్పై శాతం. ఉత్తరం వైపు ఫ్యాక్టరీ గొట్టాలు, క్వారీ మీద లేచిన దుమ్ము మేఘం, అది ఇటు వస్తోందా అటు పోతోందా. యాభై నాలుగు. మచ్చ అందులో లేకపోతే? నేను ఇంత తొందరపడి పంపిస్తున్నది ఆ సంగతి చెప్పడానికేనా? పంపకపోతే తెలియదు, తెలియకపోతే ఉండదు అన్నట్టు ఒక్క క్షణం వేలు వలయం మీదికి వెళ్ళింది, ఆపేద్దామని. ఆపలేదు. ఎనభై. ఆయన ఇంటికొచ్చేటప్పుడు గేటు దగ్గరే ఆగి చొక్కా విప్పి రెండుసార్లు దులుపుకుంటాడు, టప్, టప్. ఆ చప్పుడు విని అమ్మ పొయ్యి మీద అన్నం పెడుతుంది. సెలవురోజు సినిమాకెళ్ళి వచ్చినా దులుపుకునే లోపలికొస్తాడు. తొంభై ఆరు. రెండు టిక్కులు. పదీ యాభై ఒకటి. సతీష్‌కి ఫోను చేసి వెళ్ళిందిరా అన్నాను. “చూశాం, తీసుకెళ్తున్నాం. ఉండు, నేనే చేస్తా” అని పెట్టేశాడు.

ఇక చేయడానికి ఏమీ లేదు. చేతులు ఊరుకోవడం లేదు. కిందికి వచ్చి ఆ నల్ల తెర ముందే కూర్చుని, ఊరికే, లోపల ఎంత వేడిగా ఉందో చెప్పమని అడిగాను, అదీ నోట్సులో ఉంది. డిస్‌ప్లే కార్డు, తొంభై ఏడు డిగ్రీలు. తొంభై ఏడా. నీళ్ళు కాగుతాయి దాని మీద. ఏడు నిమిషాలు, ఐదు నిమిషాలు, మూడు నిమిషాలు. ఆ అంకెలే చెబుతున్నాయి, వేడెక్కిన కొద్దీ ముందుగా పడిపోతోందని. అప్‌డేటు కాదు, డ్రైవరు కాదు, నేను కాదు. స్విచ్చి కట్టేసి బల్ల కింద దూరాను. వెనకవైపు అమ్మ కుట్టిన నీలం చీర గోడకి ఆనుకుని నిండుగా కిందికి దిగి ఉంది. వేడిగాలి బయటికి పోయే జల్లెడ మీద, నాడాతో సహా, చక్కగా. నాలుగేళ్ళుగా ముందు భాగం ఎత్తి, ముసుగు తీశాననుకుంటున్నాను. “అమ్మా, ఒకసారి ఇటు రా” అన్నాను. వచ్చి వంగి చూసింది. పక్క రేకు విప్పేసరికి ఇద్దరం ఒకేసారి “అమ్మో” అన్నాం. కార్డు మీది చిన్న ఫ్యాను రెక్కల మధ్య దుమ్ము బూడిదరంగు దూదిలా మందంగా మెత్తుకుపోయి ఉంది. బయటికి దారి లేక, లోపల తిరిగి తిరిగి, అంతా అక్కడే దిగబడింది. అమ్మ దాన్ని చూస్తూ, “పాపం, ఊపిరాడలేదు కదే దీనికి” అంది. పక్కనున్న ఆ నీలం చీర అంచు పట్టుకుని, “నేను మంచికే కుట్టాను” అంది చిన్నగా. తెలుసమ్మా అన్నాను, నువ్వు కుట్టకపోతే ఎప్పుడో పోయేది, వెనక ఇంత కిటికీ పెడితే సరిపోతుంది.

పెయింటు బ్రష్షుతో దులిపాను, నోటితో ఊదాను. తెల్లటి పొడి లేచి కిటికీ లోంచి పడుతున్న ఎండలో నిలబడింది. నాకు దగ్గొచ్చింది. ఒక్క ఊపుకే ఇంత దగ్గొస్తే. ఇరవై రెండేళ్ళు. ఆ లెక్క పూర్తి చేయకుండా మళ్ళీ దులిపాను. అమ్మ పక్కన చతికిలబడి తడిగుడ్డతో రేకు తుడుస్తోంది, గిన్నె తోమినట్టు లోపలి మూలలు కూడా. ఫ్యాను రెక్కని వేలితో తిప్పితే ఇప్పుడు తేలిగ్గా తిరిగింది, అడిగీ అడగకముందే. పదకొండూ రెండు. ఫోను రాలేదు. అన్నీ బిగించి స్విచ్చి వేశాను. ఇంతసేపూ విమానంలా మోగిన డబ్బా చాప మీద నిద్రపోయే మనిషిలా మెల్లగా శ్వాస తీసుకుంది. తెర వెలిగింది. ఫోల్డరు తెరిచాను. నాన్న ఛాతీ నిండుగా వచ్చింది. ఒక నిమిషం. రెండు. మూడు దాటింది. అమ్మ తెరకేసి చూస్తూ, “ఇదేనా ఆయన?” అంది. ఇదే. “ఎముకలు బానే ఉన్నాయి” అంది. నాలుగు. ఐదు దగ్గర నా వేళ్ళు కుర్చీ అంచుని పట్టుకున్నాయి. ఐదు దాటింది.

ఫోను మోగింది. సతీష్ పేరు. ఎత్తాను. “అక్కా, అదేనంట” అన్నాడు. ఏది అదేరా. “మచ్చ. అప్పుడూ అక్కడే ఉందంట, అంతే ఉందంట, పక్కపక్కన పెట్టి కొలిచి చూపించారు నాకు. చిన్నప్పుడెప్పుడో నెమ్ము చేసి మానిపోయిన గుర్తంట. సూదీ లేదు గీదీ లేదు. దగ్గుకి మందు రాశారు, దుమ్ములో మాస్కు తప్పకుండా పెట్టుకోమన్నారు, ఏడాదికోసారి చూపించుకోమన్నారు.” అమ్మకి స్పీకరులో వినిపించాను, మళ్ళీ చెప్పరా అన్నాను, మళ్ళీ చెప్పాడు. అమ్మ తడిగుడ్డతోనే మొహం తుడుచుకుంది, నుదుటి మీద తెల్లటి చార పడింది. నేను నవ్వబోయాను, అది నవ్వుగా రాలేదు, ముక్కులోంచి వచ్చింది. “అక్కా, ఆవిడ ఇంకో మాటన్నారు. ఇది ఎవరు దాచారో గానీ మంచి పని చేశారమ్మా అన్నారు. మా అక్క అండి, కంప్యూటర్స్ చదివింది అన్నా.” వెనక నాన్న, “ఇటివ్వరా ఫోను” అంటున్నాడు.

“అమ్మాయ్.” నాన్నా. “టిఫిన్ నిజంగా తిన్నావా?” లేదు నాన్నా. “నాకు తెలుసులే. నేనూ తినలేదు, ఇప్పుడు తింటాం, ఇక్కడ పెసరట్టు వాసనొస్తోంది.” ఆయన శ్వాస వినబడింది, చిన్న దగ్గు, మామూలు దగ్గు. “కంప్యూటరు బాగుపడిందా?” పడింది నాన్నా, దుమ్ము చేరింది, అమ్మా నేనూ దులిపాం. “అయితే ఆ బొమ్మ ఇప్పుడు దాని మీద ఉందా?” ఉంది. “ఆపకు. నేనొచ్చి చూస్తా. గ్రహణం నాడు వీధి వీధంతా నాలోంచి చూసింది, నేనేమో డ్యూటీలో ఉన్నా. నాకొక్క ముక్కా మిగల్లేదు.” ఆపను నాన్నా అన్నాను. ల్యాబు కిటికీ దగ్గర ఆ రోజు తల దించుకున్నదానికి ఏదో చెప్పాలనిపించింది, చెప్పడానికి నోరు తెరిచాను, మెల్లగా రా నాన్నా, సీటు చూసుకుని ఎక్కు అని వచ్చింది.

తెర ఏడు నిమిషాలు దాటింది. పది. ఇరవై. అమ్మ ముసుగు మొత్తం విప్పి ఒళ్ళో వేసుకుని, వెనక భాగం మీద సుద్దముక్కతో చతురస్రం గీస్తోంది. కొలత కోసం రెండుసార్లు లేచొచ్చి జల్లెడ మీద జాన పెట్టి చూసుకుంది. నేను ఇడ్లీ తింటూ ఎడమచేత్తో మౌసుని అప్పుడప్పుడూ కదుపుతున్నాను, ఎవరూ ముట్టుకోకపోతే తెర దానంతటది ఆరిపోతుంది, ఆ సెట్టింగు మార్చడం ఒక్క నిమిషం పని, కానీ ఇలా కదపడమే బాగుంది. బొమ్మలో ఎక్కడ ఆపాలో ఇప్పుడు తెలుసు, సతీష్ మెసేజిలో రాశాడు, నూట నాలుగో పొర. కుడివైపు పైన, కందిగింజంత తెల్లటి చుక్క. ఎంత చిన్నదో. నేను పుట్టకముందు నుంచీ ఉందేమో, ఎవరినీ ఏమీ అడగకుండా. గంట దాటాక ఫోనులో మెసేజి వచ్చింది, బస్సు చిల్లకల్లు దాటింది, వచ్చేస్తున్నాం అని. మౌసు కదిపాను. కత్తెర గుడ్డలోంచి నడుస్తున్న చప్పుడు. మేడ మీంచి కాకి అరుపు, అది వాలకుండా ఎగిరిపోయిన చప్పుడు. మళ్ళీ కదిపాను. గేటు గడియ తీసిన శబ్దం, తర్వాత రావలసిన అడుగులు రాలేదు, ఆగిపోయాయి, అమ్మా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం, ఇవాళ డ్యూటీ కూడా లేదు కదా అనుకుంటూ ఉండగానే వినబడింది, టప్, టప్.